నిటారోడు, వంకరోడు

ఆ ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని అద్దం మావయ్య అనే పిలిచేవాళ్ళు. నిజానికి ఆయనకి మేనకోడలు ఒక్కతే. అయినా గేటు దగ్గర కాపలాదారు నుంచి పైగదిలో కూర్చునే యజమాని దాకా అందరికీ ఆయన మావయ్యే. మరి అద్దం ఎందుకంటే, ఆయన కడిగిన స్టీలు పాత్రలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. కొందరు దువ్వుకునేవాళ్ళు కూడా. దొరికిపోతే మాత్రం, రాలిన వెంట్రుక ఎవడు తీస్తాడని ఆయన చేతిలో చీవాట్లు తప్పేవి కావు.

ఆయన ఉద్యోగం పాత్రలు కడగడం కాదు, కాలమ్ నడపడం. కాలమ్ అంటే మూడంతస్తుల ఎత్తున నిటారుగా నిలబెట్టిన లావుపాటి ఉక్కు గొట్టం. వాడేసిన ద్రావకాలు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన నూనెలు లారీల్లో వచ్చి పడేవి. వాటిని కింద మరిగిస్తే ఆవిరి గొట్టంలో పైకెక్కుతూ, దారిలో అంచెలంచెలుగా అమర్చిన ప్రతి పళ్ళెం దగ్గరా కొంత చల్లబడుతూ, కొంత మళ్ళీ లేస్తూ, చివరికి తొందరగా మరిగేది పైనుంచీ ఆలస్యంగా మరిగేది కిందనుంచీ బయటికొచ్చేవి. కలిసిపోయి వచ్చినవి వేటికవిగా విడిపోయి వెళ్ళేవి. జీవితమంతా అదే చూసిన మనిషికి నిప్పు మీద ఎంత గురి ఉంటుందో చెప్పనక్కర్లేదు. "మంట సరిగ్గా పెట్టాలేగానీ విడిపోనిది ఏముంటుంది?" అనేవాడు, మీసం లేకపోయినా మీసం మెలేసిన వాడిలాగా.

అలాంటి మనిషికి ఒక జంట తగిలింది.

రెండు నూనెలు. రెంటికీ రంగు లేదు. వాసన ఒకటే, బరువు ఒకటే. మరిగే వేడిలో తేడా ఒక్క డిగ్రీ కూడా లేదు. మందులు తయారుచేసే వాళ్ళకి అందులో ఒకటే కావాలి, రెండోది చిటికెడు కలిసినా పనికిరాదు. మావయ్య కాలమ్‌ని బతిమాలాడు, బెదిరించాడు. మంట తగ్గించి చూశాడు, పెంచి చూశాడు, పైనుంచి వచ్చినదాన్ని మళ్ళీ మళ్ళీ లోపలికే పంపాడు. పైన పట్టినా అదే, కింద పట్టినా అదే. ఆవిరిగా మారేటప్పుడు కూడా ఆ ఇద్దరూ చెట్టాపట్టాలేసుకునే పైకెక్కుతున్నారు. ఆయనకి అన్నం సహించలేదు. ఇంట్లో అక్క కంచం ముందు పెట్టి, "ఏంట్రా, ఫ్యాక్టరీలో ఎవరైనా పోయారా?" అని అడిగింది కూడా.

ఆ అక్క కూతురే ఆ ఫ్యాక్టరీలో కెమిస్టు. చిన్నప్పుడు ఆ పిల్ల ఈ చదువు చదువుతానంటే తల్లి ససేమిరా అంది. మావయ్యే వెనకేసుకొచ్చి చదివించాడు. దూరాన పెద్ద ల్యాబులో కొన్నాళ్ళు పనిచేసి, ఈమధ్యే ఇక్కడ చేరింది. తెలివి పాదరసం. ఒక్కటే లోటు, బల్ల మీద ఎక్కడి వస్తువు అక్కడ ఉండదు. ఆమె సీసాల మెడల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక తెల్లటి పొర ఎండిపోయి అంటుకునే ఉండేది.

"ఇంత చదువు చదివావు, సీసా కడగడం మాత్రం ఎవరూ నేర్పలేదే నీకు" అనేవాడు మావయ్య.

"కడుగుతాను మావయ్యా, పని ఉంది" అనేది ఆమె. పని ఎప్పుడూ ఉండేది.

మావయ్య అవస్థ చూసి ఆమె ఒకరోజు కాలమ్ దగ్గరికొచ్చి, రెండు చేతులూ చెరోవైపు బారజాపి నిలబడింది. "ఇదిగో మావయ్యా, వీడు ఒకడు. నిటారుగా ఉంటాడు" అంది. తర్వాత ఒక చేతిని వంచింది. "వీడు రెండోవాడు. ఒళ్ళు అదే, చేతులు అవే. ఒక చెయ్యి వేరేచోట తగిలించారంతే. మరిగేటప్పుడు ఇద్దరికీ తేడా తెలీదు. గడ్డకట్టేటప్పుడు తెలుస్తుంది. నిటారోళ్ళు చక్కగా ఒకడి పక్కన ఒకడు పలకల్లా పేరుకుంటారు. వంకరోడికి ఆ చెయ్యి అడ్డం. వాడు గట్టిపడాలంటే ఇంకా ఎంతో చలి కావాలి. ఈలోగా నిటారోణ్ణి పట్టేసుకోవచ్చు."

ఫ్యాక్టరీ మొత్తం వాళ్ళని అప్పటినుంచీ ఆ పేర్లతోనే పిలిచింది. మావయ్యకి మాత్రం మాట నచ్చలేదు. "మంటకే దిగిరానివాడు చలికి దిగొస్తాడా? చోద్యం కాకపోతే!"

ఆమె వాదించలేదు. ల్యాబులో మూలనున్న ఐసుపెట్టెలోంచి, అంతకుముందు ఇదే నూనెతో వాడి పెట్టిన సీసా ఒకటి తీసి, ఆ జంట నూనెని అందులో పోసి మళ్ళీ లోపల పెట్టింది. టీ తాగి వచ్చాక తీసి ఆయన చేతికిచ్చింది. మావయ్య దాన్ని కిటికీ వెలుగుకి పట్టి చూశాడు. ఇందాక నీళ్ళలా ఉన్న నూనెలో తెల్లటి సూదులు. కొసలు వంకర లేకుండా, అంచులు తళతళమంటూ, ఒకదాని మీద ఒకటి అల్లుకుని నిలబడ్డాయి. మధ్యలో ఇంకా ద్రవం కదులుతోంది. ఆయన ముక్కు గాజుకి ఆనేదాకా సీసాని దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎవరే వీటిని చెక్కింది?"

"ఎవరూ చెక్కలేదు. వాటంతట అవే."

ఎన్నో వేల లీటర్ల నూనె ఆయన చేతుల మీదుగా పోయింది. దాంట్లో ఇలాంటి పనితనం దాగుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ సీసాని తిరిగి ఇవ్వడానికి ఆయనకి మనసొప్పలేదు.

యజమాని కూడా ఆ సీసా చూసి ముచ్చటపడ్డాడు. చలి యంత్రం ఒకటి తెప్పించాడు. మనిషి నిలువు ఎత్తున్న స్టీలు పాత్ర, దాని లోపల మెల్లగా తిరిగే తెడ్డు, మూత మీద తొంగిచూడడానికి గుండ్రటి గాజు కిటికీ, అన్నీ అమరాయి. కింది అంతస్తులో ఒక గది మొత్తం ఆమెకే ఇచ్చాడు. అక్కడినుంచే కష్టాలు మొదలయ్యాయి.

సీసాలో ఒక్కసారి కూడా తప్పని పని పాత్రలో ఒక్కసారి కూడా జరగలేదు. అదే నూనె, అదే చలి. నిటారోడు గట్టిపడాల్సిన డిగ్రీ దాటి, ఇంకా కిందికి, ఇంకా కిందికి తీసుకెళ్ళినా పాత్రలోది నీళ్ళలాగే గిరగిరా తిరుగుతూ ఉండేది. మరీ కిందికి పోతే వంకరోడు కూడా గట్టిపడతాడు, అప్పుడిక చేసిందంతా దండగ. తెడ్డు తప్పేమోనని మార్చింది. చల్లబరిచే వేగం తప్పేమోనని నత్తనడక నడిపింది. పైపుల్లో నీళ్ళు కారి కలుస్తున్నాయేమోనని జాయింట్లన్నీ విప్పించింది. ఎక్కడా తప్పు లేదు, పని మాత్రం కాదు.

మావయ్య తనకి చేతనైన సాయం తాను చేస్తున్నాడు. ప్రతి ప్రయత్నానికీ ముందు పాత్రలోకి స్వయంగా దిగి, వేడి ద్రావకంతో కడిగి, మెత్తటి గుడ్డతో గోడలు మెరిసేదాకా రుద్దేవాడు. లోపలికి పోసే నూనెని సన్నటి బట్టలో వడకట్టించేవాడు. ఈగ కాదు కదా, ఈగ నీడ కూడా లోపలికి పోకూడదని ఆయన పట్టుదల. పని కానప్పుడల్లా, ఎక్కడో మరక మిగిలిపోయి ఉంటుందని తనని తాను తిట్టుకుని, మరుసటిసారి ఇంకాస్త గట్టిగా రుద్దేవాడు.

యజమాని చెడ్డవాడేమీ కాదు, ఓపిక అయిపోయిన మనిషి. "ఇంకొక్కసారి చూద్దామమ్మా. నేనూ వచ్చి నిలబడతాను. ఈసారీ కాకపోతే ఆ గది ఖాళీ చేసేద్దాం" అన్నాడు.

ఆ మాట విని మెట్లు దిగుతూ ఆమె మావయ్య పక్కన ఆగింది. "ఈసారి కూడా అవ్వకపోతే నేను ఈ పనే మానేస్తాను. ఈ ఫ్యాక్టరీ అని కాదు. ఈ చదువే నాకు రాదేమో మావయ్యా. ఏదో సీసాతో ఆడుకుని, చదువు వచ్చేసిందనుకున్నాను."

వెనకేసుకొచ్చి చదివించిన రోజునుంచీ ఆ పిల్ల నోట 'రాదు' అన్న మాట మావయ్య వినలేదు. ఏదైనా చెయ్యాలి. ఆయనకి వచ్చిన పని ఒక్కటే. ఆ సాయంత్రం షిఫ్టు దిగే ముందు పాత్రని కడిగి, తృప్తిలేక మళ్ళీ కడిగి, పైకెళ్ళి ల్యాబులో ఐసుపెట్టె తెరిచాడు. వాడి, కడగకుండా అలాగే లోపల పెట్టేసిన ఆమె సీసాలు వరసగా కనిపించాయి. మెడల చుట్టూ తెల్లటి పొరలు. రేపు యజమాని ముందు ఈ సీసాలా? అన్నిటినీ బయటికి తీసి, కడిగి, వేడిగాలిలో ఆరబెట్టి, ఐసుపెట్టె లోపల కూడా మూలమూలలా తుడిచాడు. సీసాలు వజ్రాల్లా మెరిసిపోయాయి. అప్పటికి గాని ఆయన మనసు కుదుటపడలేదు.

మర్నాడు యజమాని వచ్చాడు. కింద పాత్ర చల్లబడుతూ ఉంది. అది చల్లబడేలోగా అసలు సంగతేమిటో మరోసారి చూపిస్తానని ఆమె ఒక సీసాలో నూనె పోసి ఐసుపెట్టెలో పెట్టింది. "పాత్రలో ఏమవుతుందో చెప్పలేను గానీ, సీసాలో మాత్రం ఎప్పుడూ తప్పదు సార్" అంది.

కాసేపటికి తలుపు తీసింది. సీసాలో నూనె నీళ్ళలా ఉంది. పెట్టె చలి ఇంకొంచెం పెంచి, మళ్ళీ తీసింది. సూది కాదు కదా, సూదిమొన కూడా లేదు. సీసాని ఊపింది. నూనె ఇటూ అటూ ఊగి ఊరుకుంది. ఇంటర్‌కామ్‌లో కింది గదివాళ్ళు, పాత్రలో కూడా ఏమీ లేదని చెప్పారు.

"పోనీలేమ్మా" అన్నాడు యజమాని. ఆ గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. ఆయన తలుపు వైపు నడిచాడు.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. "సీసాలో కూడా రాలేదంటే, ఇన్నాళ్ళూ నాకు తెలుసు అనుకున్నదంతా తప్పే మావయ్యా."

అద్దం మావయ్య ఆ సీసా వంకే చూస్తున్నాడు. నూనె మారలేదు. పెట్టె మారలేదు. పోసిన చెయ్యి మారలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ మారింది ఒక్కటే. దాని మీద పడ్డది తన చెయ్యి.

"అమ్మడూ, నిన్న సాయంత్రం ఆ సీసాలు నేను కడిగాను."

ఆమె తలెత్తింది. "ఏ సీసాలు?"

"అన్నీ. పెట్టె లోపల కూడా తుడిచాను. మరీ అసహ్యంగా ఉంటేనూ…"

"మరి కింద పాత్ర?"

"దాన్ని ప్రతిసారీ కడుగుతూనే ఉన్నాను కదా. మొదటినుంచీ నేనే కదా కడిగేది."

ఆమె ముఖంలో ఏదో కదిలి, చెదిరి, చివరికి ఒక చోట కుదురుకుంది. చిన్నప్పుడు లెక్క తేలినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది ఆ ముఖం. కానీ ఈసారి ఆమె వెంటనే చెప్పలేదు. మావయ్య వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. ఆ తిప్పుకోవడంతోనే ఆయనకి సగం అర్థమైంది.

"చెప్పు, పరవాలేదు" అన్నాడు.

"వరస కట్టాలంటే ముందు నలుగురు నిలబడాలి మావయ్యా. ఆ నలుగురూ నిలబడితే మిగతావాళ్ళు చూసి వెనకాల చేరతారు. నా సీసాల్లో గడ్డకట్టిన పాత నిటారోళ్ళు అంటుకుని ఉండేవాళ్ళు. చలిలోనే ఉంచేదాన్ని కాబట్టి కరిగేవాళ్ళు కాదు. కొత్త నూనె పోయగానే వాళ్ళని పట్టుకుని మొదలెట్టేది. నువ్వు కడిగిన పాత్రలో పాతవాడు ఒక్కడూ లేడు. పట్టుకోవడానికి చిన్న గరుకు కూడా లేదు. ఎంత చలివేసినా ఎవడు ముందు నిలబడాలో తెలీక అందరూ తిరుగుతూనే ఉన్నారు." ఆమె నుదురు కొట్టుకుంది. "పుస్తకాల్లో ఉంది. గడ్డకట్టిన నలుసొకటి గింజలా ముందే వెయ్యాలని చదివాను కూడా. నాకెప్పుడూ అవసరం పడలేదు. నా సీసా ఎప్పుడూ మురికేగా!"

"అంటే పాలకి తోడు లాగా?"

"అచ్చం అంతే."

"గిన్నె తళతళా తోమి, తోడు వెయ్యకుండా పాలు పెట్టి, పెరుగెందుకు అవ్వలేదా అని ఏడ్చామన్నమాట." ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఇన్నాళ్ళూ నీ పని చెడగొట్టింది నేనేనా తల్లీ?"

"ఇద్దరం" అంది ఆమె, ఆయన చెయ్యి పట్టుకుని. ఆ చేతిలో ఒక గాజుకడ్డీ పెట్టింది. "ఆ సీసా లోపల గోడ మీద గీకు. గట్టిగా. గీత పడాలి."

మావయ్య కడ్డీ వైపు, సీసా వైపు చూశాడు. బతుకంతా గీతలు పడకుండా కాపాడిన చెయ్యి అది. ఒక్కసారి కళ్ళు మూసుకుని, సీసా లోపల గీశాడు. పళ్ళు పులిసిపోయే చప్పుడు. ఏమీ కాలేదు. మళ్ళీ గీశాడు. తలుపు దాకా వెళ్ళిన యజమాని ఆ చప్పుడికి ముఖం చిట్లించి వెనక్కి తిరిగాడు.

గీత మీద ఒక వెంట్రుక మొలిచింది.

అంత సన్నగా ఉంది. దాని పక్కన ఇంకొకటి. ఆ తర్వాత లెక్కపెట్టడం ఎవరి తరమూ కాలేదు. గీత పొడుగునా తెల్లటి సూదులు పుట్టి, వాటి ఒంటి మీద ఇంకా సూదులు పుట్టి, రెప్ప వేసి తెరిచేలోగా సీసా అడుగుదాకా పాకిపోయాయి. యజమాని ఎప్పుడు దగ్గరికొచ్చి నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

ఆమె ఆ సూదుల్ని చల్లటి చెంచాతో ఒక చిన్న గిన్నెలోకి తీసుకుంది. ముగ్గురూ కిందికి పరిగెత్తారు. మూతకున్న చిన్న దారి తెరిచి, ఆమె గిన్నె ఆయనకిచ్చింది. "నువ్వే వెయ్యి మావయ్యా."

వేశాడు. గాజు కిటికీకి కళ్ళు ఆనించాడు. దీపం వెలుగులో ఆ తెల్లటి నలుసులు తెడ్డు వెంట ఒక చుట్టు తిరిగాయి. కరిగిపోతాయేమో అనుకున్నాడు. కరగలేదు. తిరుగుతూనే ఒక్కో నలుసూ ఈకలా విచ్చుకుంది. ఈకల కొసలు విరిగి కొత్త ఈకలయ్యాయి. పాత్ర నిండా ఎవరూ మోయకుండా, ఎవరూ పేర్చకుండా, కోట్లమంది నిటారోళ్ళు తమ చోటు తామే వెతుక్కుని వరసలో నిలబడుతున్నారు. తెల్లదనం అంచులనుంచి మధ్యకి, మధ్యనుంచి అడుక్కి మబ్బులా కమ్ముకుంది. తెడ్డు గొంతు బరువెక్కింది. తను మూడంతస్తుల గొట్టం కింద మంటలు పెట్టి విడదీయలేనివాళ్ళు, కళ్ళ ముందే చప్పుడు చెయ్యకుండా విడిపోతున్నారు.

అంతలో పాత్ర పక్కనున్న ఉష్ణమాపకం మీద చూపు పడి గావుకేక పెట్టాడు. "అమ్మడూ! చలి యంత్రం ఆగిపోయింది! పాత్ర వేడెక్కుతోంది, చూడు!"

ముల్లు నిజంగానే పైకి ఎక్కుతోంది.

"యంత్రం ఆగలేదు మావయ్యా, నడుస్తూనే ఉంది. ఆ వేడి లోపలినుంచే వస్తోంది. తిరుగుతున్నంతసేపూ వాళ్ళ ఒంట్లో దాచుకున్న వేడి, కుదురుగా కూర్చునేటప్పుడు వదిలేస్తారు."

"గడ్డకడుతూ వేడినిస్తుందా?"

"అవును. ఎప్పుడూ ఇస్తుంది. మంచు కట్టేటప్పుడు నీళ్ళు కూడా ఇస్తాయి."

ముల్లు ఎక్కి ఎక్కి ఒక చోట నిలిచిపోయింది. ఆయన దానివంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. వేడి అంటే తను కింద మంట పెట్టి లోపలికి తోసేదని అనుకున్నాడు ఇన్నేళ్ళూ. అడగకపోయినా, ఇంత చలిలో, అది తానుగా బయటికి వచ్చి పలకరించడం ఆయన ఎన్నడూ చూడలేదు. ప్రతి మంచుగడ్డా కట్టేటప్పుడు తనకి చెప్పకుండా ఇదే పని చేస్తూ వచ్చిందన్నమాట. కళ్ళు చెమ్మగిల్లితే, దాచుకోవాలన్న ధ్యాస కూడా ఆయనకి లేకపోయింది.

మధ్యాహ్నానికి పాత్రలోదంతా గిరగిరా తిరిగే జల్లెడబుట్టలోకి దించారు. వంకరోడు ద్రవంగా కంతల్లోంచి జారిపోయాడు. నిటారోడు తెల్లటి మంచుకుప్పలా బుట్టలో మిగిలాడు. ఆమె దాన్ని కరిగించి, పైకి పట్టుకెళ్ళి పరీక్ష చేసి, మెట్ల మీదినుంచే అరిచింది, రెండోవాడి జాడే లేదని. ఆ అరుపు ఫ్యాక్టరీ అంతా వినబడింది.

యజమాని చెయ్యి కలిపి, "మరి ఇన్నాళ్ళూ ఏమైందమ్మా?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా మావయ్య అందుకున్నాడు.

"నేను కడిగాను సార్."

"కడగడం తప్పెలా అవుతుంది మావయ్యా?"

"అదే సార్. ఇంతకాలం బతికి ఇవాళ తెలుసుకున్నాను" అన్నాడు. ఆ మాటలో ఏడుపు లేదు. చిన్నపిల్లాడు బడినుంచి వచ్చి చెప్పినట్టు చెప్పాడు.

అందరూ వెళ్ళాక కింది గదిలో వాళ్ళిద్దరే మిగిలారు. పాత్ర ఖాళీ అయింది. గోడల మీద, అడుగున, తెడ్డు అంచున తెల్లటి పొర ఇంకా అంటుకుని ఉంది. అలవాటు కొద్దీ మావయ్య చెయ్యి ద్రావకం గొట్టం మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఆమె చూస్తోంది. ఆయన గొట్టం వదిలేసి, చలి యంత్రం నడుస్తోందో లేదో చూసి, లోపల పసిపిల్లలు పడుకున్నట్టు మూత మెల్లగా దించాడు.

"రేపు పొద్దున్నే మొదలుపెడదామా మావయ్యా?" అంది ఆమె.

చదువే రాదేమో అన్న నోటినుంచే వచ్చింది ఆ ప్రశ్న.

"పెడదాం" అన్నాడు మావయ్య. "కడగనులే."